మాస్టారు చెప్పని మాట

ఎంసెట్ ర్యాంకులొచ్చి కౌన్సెలింగ్ మొదలైందంటే మన ఇళ్లలో వేరే ఊసుండదు. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా మన నోటికి అది ఇంకా ఎంసెట్టే. పెళ్లికెళ్లినా, పేరంటానికెళ్లినా నలుగురు ఆడవాళ్లు కూర్చున్న చోట ఒకటే ప్రశ్న. మీ అమ్మాయికి ఏ బ్రాంచి వచ్చింది? కంప్యూటర్ సైన్సు అని చెప్పగలిగిన తల్లి మొహం చాటంతవుతుంది. వేరే బ్రాంచి వచ్చిన పిల్ల తల్లి ఏదో సర్దిచెప్పుకుంటుంది.

ఈ చదువుకి ఇంత గిరాకీ వచ్చింది మన కళ్లముందే. దాని మూలాలు మాత్రం చాలా వెనక ఉన్నాయి. వాటిని వెదుక్కుంటూ నూట ఎనభై ఏళ్ల వెనక్కి వెళితే ఒక ఇల్లాలు కనిపిస్తుంది. ముగ్గురు పిల్లల తల్లి. ఏ కాలేజీ గడపా తొక్కలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆడవాళ్లను తొక్కనిచ్చేవాళ్లు కాదు. అయినా, కంప్యూటర్ అనే వస్తువు పుట్టడానికి వందేళ్లముందే దానికి పని ఎలా పురమాయించాలో వరసగా రాసి అచ్చువేయించింది. ఆమే అడా లవ్‌లేస్.

మొదటి కంప్యూటర్ ప్రోగ్రామర్ అన్న బిరుదుతో అడా పేరు మనలో చాలామంది వినే ఉంటారు. పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో అదొక బిట్టు ప్రశ్న. నాకు ఆ బిరుదు కంటే ఆమె చదువు మీద ఆసక్తి కలిగింది. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, చెప్పవలసింది ఏం చెప్పలేదు అన్న దాని మీద.

కవి కూతురికి లెక్కల మందు

అడా 1815 డిసెంబర్ 10న లండన్‌లో పుట్టింది. తండ్రి లార్డ్ బైరన్. మన భావకవులు ఇష్టపడి చదివిన షెల్లీ, కీట్సుల కాలంవాడు. అప్పటికే ఇంగ్లండులో ఆయన పేరు మోగిపోతోంది, పేరుతోపాటు అపవాదులూ మోగుతున్నాయి. తల్లి అనబెల్లా బాగా చదువుకున్న మనిషి. లెక్కలంటే ఆవిడకు ప్రాణం. ఈ ఇద్దరికీ ఎలా కుదిరిందో గానీ 1815 జనవరిలో పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి కాపురం ముక్కలైంది. నెల దాటిన పసిగుడ్డును తీసుకుని తల్లి పుట్టింటికి వచ్చేసింది. 1816 ఏప్రిల్‌లో బైరన్ దేశమే విడిచి వెళ్లిపోయాడు. మళ్లీ తిరిగి రాలేదు. 1824లో, ముప్ఫై ఆరేళ్ల వయసులో, గ్రీసు దేశంలో చనిపోయాడు. అప్పటికి అడాకి ఎనిమిదేళ్లు. తండ్రి ఎలా ఉంటాడో ఆ పిల్లకు తెలియదు.

భర్త మీద కోపం ఒక ఎత్తు, భర్త పోలికలు కూతురికి వస్తాయేమోనన్న భయం ఒక ఎత్తు. ఊహల్లో తేలిపోవడం, ఆవేశం, కవిత్వం, ఇవేవీ పిల్లకు అంటకూడదని తల్లి పట్టుపట్టింది. అందుకు ఆవిడ కనిపెట్టిన మందు లెక్కలు. చిన్నప్పటి నుంచే ఇంటికి మాస్టార్లను పిలిపించింది. పాఠం బాగా అప్పజెపితే చీటీలిచ్చేవాళ్లు. తప్పితే తీసేసుకునేవాళ్లు. మనసు అదుపులో ఉండటానికని ఒళ్లు కదలకుండా బల్లమీద పడుకోబెట్టేవాళ్లు. మన పిల్లల్ని ఐదో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చోబెడుతున్నామే, ఆ తల్లి వాళ్లందరికీ అక్కయ్య.

అయితే ఊహను లెక్కలతో చంపగలమా? పన్నెండేళ్ల వయసులో అడాకి ఎగరాలనిపించింది. ఉత్తుత్తి కోరిక కాదు. పక్షుల రెక్కలు ఎలా ఉన్నాయో, ఒంటికీ రెక్కకీ ఎంత నిష్పత్తి ఉందో చూసింది. రెక్కలు ఎలా కట్టాలి, దేనితో చేయాలి అని ఆలోచించింది. ఆవిరితో నడిచే ఎగిరే గుర్రం ఒకటి చేస్తానని తల్లికి ఉత్తరాలు రాసింది. పాఠాలు పక్కనపెట్టి ఈ పిచ్చేమిటని తల్లి కోప్పడింది. పాపం, ఆ ఊహా, ఆ లెక్కా ఒకటేనని ఆవిడకు తట్టలేదు.

1829లో తట్టు పోసి అడా మంచాన పడింది. కాళ్లు చచ్చుబడిపోయాయి. చాలాకాలం మంచమో, చేతికర్రలో తప్ప ఆ పిల్ల సరిగ్గా నడవలేదు. ఆ మంచం మీద కూడా చదువు ఆపలేదు.

ఇద్దరు పెద్దమనుషులు

ఈనాటి ఆడపిల్లయితే పదిహేడేళ్లకి ఇంటర్ పూర్తిచేసి కాలేజీలో చేరుతుంది. అడాకి పదిహేడేళ్లొచ్చిన 1833లో ఇంగ్లండులో ఏ విశ్వవిద్యాలయమూ ఆడవాళ్లకు డిగ్రీ ఇచ్చేది కాదు. లండన్ విశ్వవిద్యాలయం ఆ తలుపు తీసింది 1878లో. కేంబ్రిడ్జి అయితే 1948 దాకా తీయలేదు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతన్నమాట!

అందుకని అడాకి కాలేజీ అంటే మనుషులే. మొదటి మనిషి మేరీ సోమర్‌విల్. స్కాట్లండు నుంచి వచ్చిన ఆవిడ ఎవరూ నేర్పకుండానే లెక్కలు నేర్చుకుంది. చిన్నప్పుడు రాత్రిళ్లు జామెట్రీ చదువుతోందని ఇంట్లోవాళ్లు గదిలో కొవ్వొత్తులు తీసేయించారు. అప్పుడు చీకట్లో పడుకుని లెక్కలు మనసులో చేసుకునేది. అలాంటావిడ 1831లో ఖగోళ గణితం మీద రాసిన పుస్తకం కేంబ్రిడ్జిలో పై తరగతుల కుర్రాళ్లకు పాఠ్యపుస్తకమైంది. ఆవిడ పుస్తకం వెళ్లగలిగిన క్లాసులోకి ఆవిడ వెళ్లలేదు. అడా ఆవిడ ఇంటికి రాకపోకలు సాగించింది, సందేహాలు అడిగింది. లెక్కల్లో ఆడమనిషి ఎంతదూరం వెళ్లగలదో కళ్లారా చూసింది.

రెండో మనిషి ఛార్లెస్ బాబేజ్. 1833 జూన్‌లో ఒక విందులో పరిచయం. కొద్దిరోజుల్లోనే తల్లీకూతుళ్లు ఆయన ఇంటికి వెళ్లి, పళ్లచక్రాలతో లెక్కలు చేసే యంత్రం నమూనా ఒకటి చూశారు. వచ్చినవాళ్లంతా దాన్ని ఆటబొమ్మను చూసినట్టు చూసి వెళ్లిపోయేవాళ్లు. అడా మాత్రం అది ఎలా పనిచేస్తోందో అడిగి తెలుసుకుంది. అలా పుట్టిన స్నేహం ఆమె చనిపోయేదాకా నిలిచింది.

1835లో విలియం కింగ్‌తో పెళ్లయింది. తర్వాత ఆయనకు లవ్‌లేస్ ప్రభువు బిరుదు రావడంతో ఆమె లేడీ లవ్‌లేస్ అయింది. 1836, 1837, 1839ల్లో వరసగా ముగ్గురు పిల్లలు. ఒక విషయం చెప్పుకోవాలి. అడా శ్రీమంతురాలు. వంటచేసే బాధ లేదు, పిల్లల్ని చూసుకోవడానికి దాదులున్నారు. భర్త కూడా చదువుకి అడ్డుపడే మనిషి కాదు. మనలో చాలామందికి లేని వీలు ఆమెకు ఉంది. కాదనలేం. కానీ తన చుట్టూ ఉన్న శ్రీమంతురాళ్లలో ఎంతమంది ఆ వీలును లెక్కలకి వాడుకున్నారు? మూడో కాన్పయిన ఏడాదే, నాకొక లెక్కల మాస్టారిని చూసిపెట్టమని బాబేజ్‌కి ఉత్తరం రాసింది అడా.

మదురైలో పుట్టిన మాస్టారు

చివరికి దొరికిన మాస్టారు అగస్టస్ డిమోర్గాన్. ఈ పేరు చూడగానే ఇంటర్‌లో ఎం.పి.సి. చదివిన వాళ్లకు పాత పరిచయం గుర్తొస్తుంది. అవును, ఆ డిమోర్గానే. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేస్తుండగా 1806లో మన పక్కనే మదురైలో పుట్టాడు. పసితనంలోనే ఒక కంటిచూపు పోయింది. ఇంగ్లండుకు వెళ్లి చదువుకుని, ఇరవై ఒక్కేళ్లకే లండన్‌లో కొత్తగా పెట్టిన కాలేజీలో గణితం ప్రొఫెసరయ్యాడు. లెక్కలు చెప్పడంలో ఆయనకు మంచి పేరు.

మా ఆడపడుచు కూతురు మా ఇంట్లో ఉండి బి.టెక్. చదువుతోంది. సి.ఎస్.ఇ. రెండో సంవత్సరం. డిస్క్రీట్ మాథమాటిక్స్ అని దానికొక సబ్జెక్టు ఉంది. అందులోనూ, డిజిటల్ లాజిక్ అనే ఇంకో సబ్జెక్టులోనూ ఈయన సూత్రాలుంటాయి. ఒకరోజు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చి ఇదేంటత్తా, తలాతోకా లేదు అంది. పొయ్యిమీద చారు మరుగుతోంది. ఈ చారులో ఉప్పూ చింతపండూ రెండూ వేశానన్న మాట అబద్ధమనుకో, అప్పుడేమవుతుంది అని అడిగాను. ఉప్పైనా వేసి ఉండవు, చింతపండైనా వేసి ఉండవు అంది. ఉప్పు గానీ చింతపండు గానీ వేశానన్న మాట అబద్ధమైతే? రెండూ వేయలేదన్నమాట అంది. అంతేనే, అదే డిమోర్గాన్ అన్నాను. కంప్యూటర్ లోపల ఉండే లాజిక్ సర్క్యూట్లను కుదించి రాయాలంటే ఇవాళ్టికీ ఈ సూత్రాలే కావాలట.

ఆ మాస్టారు 1840లో అడాకి పాఠాలు మొదలుపెట్టారు. ఆమెకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. అప్పుడప్పుడు కలుసుకున్నా చదువంతా ఎక్కువగా ఉత్తరాలమీదే నడిచింది. అదే ఏడాది ఇంగ్లండులో ఒక్క పెన్నీకి ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది. ఈమె చేసిన లెక్కలు పంపడం, ఆయన దిద్ది తిప్పి పంపడం. ఆయన రాసిన కాలిక్యులస్ పుస్తకమే పాఠ్యపుస్తకం. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే దూరవిద్య.

నేనూ పెళ్లయ్యాక, పెద్దాడు చంకలో ఉండగా, దూరవిద్యలోనే బి.ఎ. పూర్తిచేశాను. అందుకే అడా ఉత్తరాల సంగతి చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు. క్లాసులో అయితే పక్క పిల్ల మొహం చూస్తే చాలు, మనకొక్కదానికే అర్థంకాలేదా, అందరికీనా అన్నది తెలిసిపోతుంది. ఇంట్లో ఒక్కదానివే కూర్చుని చదువుతుంటే ఆ సందు లేదు. అర్థంకాని ప్రతి పేజీ మన తెలివితక్కువే అనిపిస్తుంది. అడాకీ అలాగే ఉండేది. ఫంక్షనల్ ఈక్వేషన్లు తనకు కొరివిదయ్యాల్లా ఉన్నాయని, పట్టుకున్నాననుకునేలోపల తప్పుకుపోతున్నాయని మాస్టారికి రాసుకుంది. చిన్న చిన్న ఆల్జీబ్రా మెట్ల దగ్గర తట్టుకుని పడింది. కానీ వదిలిపెట్టలేదు. సూత్రం ఇదీ అని చెపితే రాసుకుని ఊరుకునే రకం కాదు. ఎందుకు అని అడిగేది. పుస్తకంలో ఒక మెట్టు దాటేసి చెపితే ఆ మెట్టు ఏదని నిలదీసేది.

1841లో ఒక ప్రశ్న వేసింది. ఒక రకం సంఖ్యల్ని కాగితంమీద, అంటే రెండు కొలతల్లో, బొమ్మగా చూపించవచ్చు కదా, మూడు కొలతల్లోకి దీన్ని తీసుకెళ్లే వీలుందా అని. సరిగ్గా ఆ దారిలోనే తలబద్దలుకొట్టుకుంటున్న హామిల్టన్ అనే ఐర్లండు గణితవేత్త 1843లో క్వాటర్నియన్లను కనిపెట్టాడు. ఇప్పుడు కంప్యూటర్ తెరమీద బొమ్మల్ని గిరగిరా తిప్పడానికి వాటినే వాడుతున్నారు. అడా వాటిని కనిపెట్టలేదు. ప్రశ్న మాత్రం అడగగలిగింది. ఏడాది చదువుకే అక్కడిదాకా వచ్చింది.

అట్టల మీద నేసిన లెక్క

ఈలోగా బాబేజ్ అంతకంటే పెద్ద యంత్రం ఊహించాడు. దాని పేరు ఎనలిటికల్ ఇంజన్. మొదటి యంత్రం ఒకే రకం లెక్కలు చేస్తుంది. ఇది ఏ లెక్క చెపితే ఆ లెక్క చేస్తుంది. అంకెలు దాచుకోవడానికి ఒక భాగం, లెక్క చేయడానికి ఇంకో భాగం. గాదెలోంచి ధాన్యం తీసి మరకు పంపి, ఆడించింది తెచ్చి మళ్లీ గాదెలో పోసినట్టు. ఇప్పటి పిల్లలు వీటినే మెమరీ, ప్రాసెసర్ అంటున్నారు.

మరి ఏ లెక్క చేయాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది? దానికి బాబేజ్ మగ్గాన్ని ఆశ్రయించాడు. మన ధర్మవరంలో పట్టుచీరల మగ్గాల మీద జకార్డు చూసే ఉంటారు. చిల్లులు పొడిచిన అట్టల్ని దండలా కుట్టి పైన వేలాడదీస్తారు. చిల్లున్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అలా ఒక్కో అట్ట దాటేకొద్దీ అంచుమీద పువ్వో, నెమలో దిగుతుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి అది. ఆ అట్టలతోనే యంత్రానికి పని చెప్పాలన్నది బాబేజ్ ఆలోచన.

ఆ యంత్రం గురించి మెనబ్రియా అనే ఇటలీ ఇంజనీరు ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. 1842లో అచ్చయింది. అడా దాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది. ఆ సంగతి తెలిసిన బాబేజ్ ఆమెనొక మాట అడిగాడు. ఇంత తెలిసినదానివి, నువ్వే సొంతంగా ఎందుకు రాయలేదని. ఆ ఆలోచనే తనకు రాలేదంది అడా. చూశారా! మూడు భాషలూ లెక్కలూ వచ్చిన మనిషికి, తాను రాయవచ్చని తోచలేదు. సరే, ఆ అనువాదానికి నీ మాటగా నోట్సు రాయమన్నాడు బాబేజ్. ఆ ఒక్క మాటతో ఆమె కలం కదిలింది.

1843 వేసవి అంతా అదే పని. ఏ నుంచి జీ దాకా ఏడు నోట్సు. అసలు వ్యాసం కంటే ఇవి రెండు రెట్లకు మించి పెరిగాయి. ఇద్దరి మధ్యా రోజుకో ఉత్తరం, ఒక్కోసారి రెండు. ఆమె పెన్సిలుతో గీసిన పట్టికల మీద ప్రభువుగారు, అంటే ఆమె భర్త, కూర్చుని సిరా దిద్దిపెట్టాడు. భార్య పరీక్షకు రికార్డు రాసిపెట్టిన భర్తల జాబితాలో ఆయన్ని మొదట వేసుకోవచ్చు.

చివరి నోట్సులో ఉంది అసలు సంగతి. బెర్నౌలీ సంఖ్యలని గణితంలో ఒక వరస ఉంది. ఒకదాన్ని కట్టాలంటే ముందున్నవి తెలిసి ఉండాలి. ముందుకెళ్లేకొద్దీ చాకిరీ పెరుగుతుంది. ఆ పని యంత్రంచేత ఎలా చేయించాలో అడా ఇరవై అయిదు మెట్లుగా పట్టిక వేసింది. ఏ అంకె ఎక్కడ ఉంది, దాన్ని దేనితో గుణించాలి, వచ్చింది ఎక్కడ పెట్టాలి, ఏ మెట్ల గుంపు దగ్గరకు మళ్లీ వెనక్కి వచ్చి తిరగాలి, అన్నీ అందులో ఉన్నాయి. మా పిల్లకు ఆ పట్టిక చూపిస్తే, అత్తా ఇది లూపే కదా అంది. ఆ పట్టికలో నాలుగో మెట్టు దగ్గర ఒక తప్పు కూడా దొర్లింది. భాగహారంలో పైన ఉండాల్సింది కింద, కింద ఉండాల్సింది పైన పడ్డాయి. అచ్చులో జరిగిందో, చేతిరాతలో జరిగిందో గానీ అలాగే ఉండిపోయింది. మొదటి ప్రోగ్రాముతోపాటే మొదటి బగ్ కూడా పుట్టిందని కంప్యూటర్ వాళ్లు నవ్వుతూ చెప్పుకుంటారు. ల్యాబులో ప్రోగ్రాము నడవక రాత్రి పదకొండుదాకా కళ్లనీళ్లు పెట్టుకునే ఆడపిల్లలకి ఈ సంగతి చెప్పాలి.

ఆమెను మొదటి ప్రోగ్రామర్ అనడం సబబా అని పండితుల్లో వాదం ఉంది. బాబేజ్ అంతకుముందే ఇలాంటి చిన్న పట్టికలు కొన్ని రాసి పెట్టుకున్నాడు. అది నిజం. బెర్నౌలీ లెక్కలోనూ ఆయన చేయి ఉంది. అందులో ఆయన చేసిన ఒక పెద్ద పొరపాటును అడా పట్టుకుందని ఆయనే తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. వాదం ఎలా ఉన్నా, ఆ నోట్సులో ఆమె సొంతమని చెప్పదగ్గది ఒకటుంది. బాబేజ్ ఆ యంత్రంలో అంకెల్నే చూశాడు. అడా అంకెలు దాటి చూసింది. సంగీతంలో స్వరాల మధ్య ఉండే సంబంధాలను సూత్రాలుగా చెప్పగలిగితే, ఆ యంత్రం పాటలు కూడా కట్టగలదని రాసింది. మగ్గం పూలు నేసినట్టు ఇది బీజగణితాన్ని నేస్తుందని పోల్చింది. తల్లి చంపాలనుకున్న ఊహే ఇక్కడ పనికొచ్చింది!

ఇంకో హెచ్చరిక కూడా చేసింది. మనం ఎలా చేయాలో చెప్పగలిగిన పనే యంత్రం చేస్తుంది తప్ప, తనంత తానుగా కొత్తది పుట్టించదని. 1950లో ఆలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లండు గణితవేత్త యంత్రాలు ఆలోచించగలవా అని రాసిన వ్యాసంలో ఈ మాటను ఆమె పేరుతోనే తీసుకుని వాదించాడు. ఈనాడు అడగ్గానే ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ మన పిల్లల ఫోన్లలోకి వచ్చేసింది. అడా అన్నది ఒప్పా తప్పా అని ఇప్పటికీ తేలలేదు.

మాస్టారి ఉత్తరం

నోట్సు 1843లో అచ్చయ్యాయి. పేరున్న చోట ఎ.ఎ.ఎల్. అన్న పొడి అక్షరాలే ఉన్నాయి. చదివిన కొద్దిమంది మెచ్చుకున్నారు.

ఆ మరుసటి జనవరిలో, అంటే 1844లో, డిమోర్గాన్ మాస్టారు ఒక ఉత్తరం రాశారు. అడాకి కాదు, అడా తల్లికి. మీ అమ్మాయి ఆలోచనాశక్తి మామూలుది కాదు. కేంబ్రిడ్జికి వెళ్లబోయే కుర్రవాడిలో మొదట్లోనే ఇంత శక్తి కనిపించి ఉంటే, వీడు కొత్త గణితం కనిపెడతాడు, బహుశా మొదటి వరసలో నిలుస్తాడు అని చెప్పి ఉండేవాణ్ణి. ఇదీ అందులోని సారం. ఆ తర్వాత ఆయనే ఇంకో సంగతి రాశారు. ఈ అభిప్రాయం నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెపితే ఇంకా ఎక్కువ చదువుతుంది. ఆరోగ్యం అంతంతమాత్రం. లెక్కల్లో అంతగా బుర్రపెట్టి శ్రమపడటానికి ఆడవాళ్ల ఒళ్లు తట్టుకోదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ తర్వాత లండన్‌లో ఆడవాళ్ల కోసం కాలేజీ పెడితే మొదట్లో ఊరికే పాఠాలు చెప్పినవాడు. తన కాలపు నమ్మకం ఆయన్ని అలా అనిపించింది. కానీ ఎంత పని జరిగిపోయిందో చూడండి. తప్పులన్నీ ఆమె చేతికి వచ్చాయి. ఇక్కడ పొరబడ్డావు, ఇక్కడ తొందరపడ్డావు అని దిద్దిన కాగితాలు ఆమెకు తెలుసు. తన బుర్ర గురించి ఆ మాస్టారి అసలు అభిప్రాయం మాత్రం ఆయన నోట ఆమె వినలేదు.

నాకిది చదవగానే మా నాన్న గుర్తొచ్చాడు. ఇంటర్‌లో మాకు లెక్కలు చెప్పిన లెక్చరర్ ఒకాయన, మీ అమ్మాయికి లెక్కల బుర్ర ఉంది గానీ ఆడపిల్లని ఎందుకు అంత శ్రమపెట్టడం అన్నాడట మా నాన్నతో. ఇందులో మొదటి సగం నాకు తెలిసింది నాకు పెళ్లయిన పదేళ్లకి, ఏదో మాటల్లో. నేను బి.ఎ. చదివినందుకు నాకు చింత లేదు. కథలు రాసుకుంటున్నాను, సుఖంగా ఉన్నాను. కానీ ఆ మాట పదిహేడేళ్లప్పుడు నా చెవిన పడి ఉంటే ఎలా ఉండేదోనని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇలాంటి కబురు ఆలస్యంగా అందినవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు.

అడా ఆ తర్వాత అంత పెద్ద పని మళ్లీ చేయలేదు. బాబేజ్ యంత్రాన్ని ప్రభుత్వం ఆదుకోలేదు. పదిహేడు వేల పౌన్లకు పైగా మొదటి యంత్రంమీదే ఖర్చయిందని 1842లోనే చేతులెత్తేసింది. బాబేజ్ తరఫున జనంతో వ్యవహారం నేను చూసుకుంటాను, మీరు యంత్రం సంగతి చూసుకోండి అని అడా 1843లోనే అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. పని దొరకని ఆ బుర్ర పక్కదారి పట్టింది. గుర్రప్పందేలలోకి దిగింది. అప్పులపాలైంది. భర్తకు తెలియకుండా వాళ్లింటి నగలు తాకట్టు పెట్టింది. తల్లి విడిపిస్తే మళ్లీ పెట్టింది. ఇందులో దాచవలసిందేమీ లేదు. గొప్పవాళ్ల జీవితాలూ మన జీవితాల్లాంటివే.

ఈలోగా గర్భసంచి కాన్సరు వచ్చింది. నెలల తరబడి నరకం అనుభవించి 1852 నవంబర్ 27న కన్నుమూసింది. తండ్రి పోయిన వయసే, ముప్ఫై ఆరు. ఊహ తెలిశాక ఎన్నడూ చూడని ఆ తండ్రి పక్కనే తనను పాతిపెట్టమని కోరుకుంది. నాటింగ్‌హామ్ దగ్గర హక్నల్ అనే ఊరి చర్చిలో ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు.

వందేళ్ల తర్వాత తెరిచిన పుస్తకం

1953లో, నిజమైన కంప్యూటర్లు వచ్చాక, ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఆ నోట్సును మళ్లీ అచ్చువేశారు. లోకం అప్పుడు తిరిగి చూసింది. అమెరికా రక్షణ శాఖ తన కొత్త ప్రోగ్రామింగ్ భాషకు అడా అని పేరు పెట్టింది. ఆ భాష మొదటి ప్రమాణపత్రం నంబరులో 1815 అని ఆమె పుట్టిన సంవత్సరమే పెట్టారు. 2009లో ఆమె పేరున ఏటా ఒక రోజు జరుపుకోవడం మొదలైంది, తర్వాత అది అక్టోబర్‌లో రెండో మంగళవారానికి మారింది.

ఆమెకు లెక్కలు సరిగా రావని రాసినవాళ్లూ ఉన్నారు. దానికి సాక్ష్యంగా ఆ పాఠాల ఉత్తరాల్నే చూపించారు. 2017లో ముగ్గురు గణిత చరిత్రకారులు ఆ ఉత్తరాల్ని మళ్లీ మొదటినుంచి చదివారు. తడబాటు కనిపించిన కొన్ని, చదువు మొదలెట్టిన కొత్తలో రాసినవని, వాటిని తర్వాతి కాలం నాటివిగా పొరబడ్డారని తేల్చారు. ఎలిమెంటరీ నోటుబుక్కు చూసి డిగ్రీ మార్కులు వేసినట్టన్నమాట. వరసలో పెట్టి చూస్తే, ఏడాదిన్నరలో అంత దూరం వచ్చిన విద్యార్థిని అరుదని వాళ్ల తీర్పు. డిమోర్గాన్ మాస్టారు తల్లికి రాసింది నిజమేనని రుజువైంది.

ఈనాడు మన పల్లెటూళ్ల నుంచి కూడా ఆడపిల్లలు బస్సెక్కి ఇంజనీరింగ్ కాలేజీలకు వెళుతున్నారు. డిస్క్రీట్ మాథమాటిక్సు, డేటా స్ట్రక్చర్సు, ఆపరేటింగ్ సిస్టమ్సు అంటూ నాలుగేళ్లు కష్టపడుతున్నారు. వాళ్లకు కాలేజీ ఉంది, ల్యాబు ఉంది, డిగ్రీ ఉంది. అడాకి లేనివన్నీ ఉన్నాయి. లేనిది ఏదైనా ఉంటే ఆ ఒక్క మాటే. బ్యాక్‌లాగు ఉంటే చెపుతాం. పక్కింటి పిల్లకి ఎంత ప్యాకేజీ వచ్చిందో చెపుతాం. రాత్రి మేలుకోకు, ఒళ్లు పాడవుతుంది అని చెపుతాం. నీ బుర్ర మంచిదే, నువ్వు చేయగలవు అన్నది మాత్రం చుట్టాలకు చెపుతాం, ఫోనులో వాళ్ల నాన్నకు చెపుతాం. దిష్టి తగులుతుందనో, పొగిడితే చెడిపోతుందనో పిల్ల ముందు నోరు కట్టేసుకుంటాం.

దిష్టికి ఉప్పు తీసి పొయ్యిలో వేయండి. మాట మాత్రం పిల్లకే చెప్పండి.